నాన్నగారి రికార్డులకి నంబర్లు వేద్దాం: పాటల పెట్టె ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో "ఎక్కడ కొనాలి" అన్నవి తక్కువ, "ఇంట్లో ఉన్నవాటిని ఏం చెయ్యాలి" అన్నవే ఎక్కువ. అటక మీంచి దింపిన పెట్టెలు, బీరువా అడుగున దొరికిన కేసెట్లు, అమెరికా తీసుకెళ్లాలనుకునే ఎల్‌పీలు, అన్నీ అవే. అందుకే కొనుగోళ్ల సంగతి వచ్చే నెలకి నెట్టేసి ఇవే తీసుకున్నా. మొదటి జవాబు బాగా పొడుగైంది, కాస్త ఓపిక పట్టండి, మిగతా సగం ప్రశ్నలకి సమాధానం అందులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే అండీ, మాది రాజమండ్రి. మా నాన్నగారు బ్యాంకులో చేసేవారు, ఏ ఊరు ట్రాన్స్‌ఫర్ అయితే ఆ ఊళ్లో రికార్డులు కొనేవారు. ఆయన పోయాక అన్నీ ఒక గదిలో పెట్టాం. పెద్ద ఎల్‌పీలు, చిన్న రికార్డులు, కేసెట్లు, తర్వాత నేను కొన్న సీడీలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎక్సెల్‌లో సినిమా పేర్లు అక్షరక్రమంలో రాయడం మొదలెట్టాను కానీ ఒక కేసెట్‌లో అటు ఒక సినిమా ఇటు ఒక సినిమా, ఒక ఎల్‌పీలోనేమో పన్నెండు సినిమాల పాటలు, ఏది ఎక్కడ రాయాలో తెలీక మధ్యలో వదిలేశాను. మా అబ్బాయేమో ఫోన్‌తో స్కాన్ చేస్తే అయిపోతుంది కదా నాన్నా అంటాడు. నిజమేనా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది ఈమధ్య సీడీల వరకు చాలావరకు నిజమే. డిస్కాగ్స్ అని రికార్డుల వివరాలు దొరికే సైట్ ఒకటుంది, దాని యాప్ పెట్టుకుని వెనక ఉన్న బార్‌కోడ్ చూపిస్తే వివరాలు వచ్చేస్తాయి. కానీ నాన్నగారి ఎల్‌పీలకి బార్‌కోడ్ ఎక్కడుందండీ, ఆ రోజుల్లో లేదు, కేసెట్లలో చాలావాటికీ లేదు. అక్కడ చేత్తో రాసుకోవాల్సిందే.

మీకు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మీరు సినిమాల లిస్టు రాస్తున్నారు, మీ దగ్గరున్నవి సినిమాలు కావు కదా, వస్తువులు. ఒక వస్తువుకి ఒక వరస, ఒక నంబరు. చేతిలోకి ఏది వస్తే దానికి తర్వాత నంబరు వేసెయ్యండి, ఎల్‌పీ అయితే ఎల్-1, ఎల్-2, చిన్న రికార్డులకి చి-1, కేసెట్లకి కే-1, సీడీలకి సీ-1. ఆ నంబరు ఇక ఎప్పటికీ మారదు. పాటలన్నీ రెండో షీట్‌లో, ఒక్కో పాటకి ఒక్కో వరస, పక్కన ఆ వస్తువు నంబరు, ఏ వైపు, ఎన్నో పాట, పల్లవి, పాడినవాళ్లు, సంగీతం, రాసినవాళ్లు, సినిమా. అప్పుడు కే-57లో రెండు సినిమాలున్నా, ఎల్-12లో పన్నెండు సినిమాలున్నా గొడవే లేదు, సినిమా పేరు కొట్టి వెతికితే అది ఏయే వస్తువుల్లో ఉందో అన్నీ వస్తాయి. రెండో షీట్ ఇప్పుడే నింపాలని కూర్చోకండి. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఒక్కో పాట గీత రచయిత కోసం గంట వెతికి విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. ముందు మొదటి షీట్ మొత్తం అవ్వాలి, పాటలు తర్వాత వింటూ వింటూ రాసుకోవచ్చు, అసలు మజా అందులోనే ఉంది కూడా.

షెల్ఫ్‌లో కూడా నంబరు వరసలోనే పెట్టండి. అక్షరక్రమంలో పెట్టారనుకోండి, కొత్తగా "అ"తో ఒకటి కొన్నప్పుడల్లా గది మొత్తం జరపాలి. సంగీత దర్శకుడి వరసలో పెడదామంటే ఇద్దరు ముగ్గురు ఉన్న రికార్డు ఎవరి దగ్గర పెడతారు? అందుకే వెతకడం, వరస మార్చడం అంతా షీట్ పని, షెల్ఫ్ ఉత్తి మోసేదే. ఇది కొంతమంది కలెక్టర్లకి నచ్చదు, చూడ్డానికి అందంగా ఉండదంటారు, నాకైతే అడిగిన రికార్డు వెంటనే దొరకడమే అందం.

మొదటి షీట్‌లో ఏం రాయాలంటే నంబరు తర్వాత కంపెనీ పేరు, కంపెనీ వేసిన కేటలాగ్ నంబరు (ఇది తప్పనిసరి, టైటిల్ లేకపోయినా పర్లేదు గానీ ఇది లేకపోతే కష్టం), టైటిల్ ఉన్నది ఉన్నట్టు, సైజు, స్పీడు, డిస్క్ కండిషన్, అట్ట కండిషన్ విడివిడిగా. ఆ తర్వాత ఎక్కడ కొన్నది, ఎవరిచ్చారు అనేది. నాన్నగారు అట్ట వెనక తేదీ, ఊరు రాసి ఉంటే అదీ ఎక్కించండి, చాలామంది అలా రాసేవాళ్లు, చెరిపెయ్యకండి బాబూ. హెచ్‌ఎంవీ ఎల్‌పీలైతే కేటలాగ్ నంబరు ముందున్న అక్షరాలు కూడా రాయాలి, వాటికి అర్థం ఉంది, ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. ఇంకోటి, చిన్న 7 అంగుళాల రికార్డు కనపడగానే 45 స్పీడు (నిమిషానికి 45 సార్లు తిరిగేది) అని రాసెయ్యకండి, 33 స్పీడు మీద తిరిగే సూపర్ 7లు కూడా మన దగ్గర వచ్చాయి, లేబుల్ చదివి రాయండి. పాట పిల్లల గొంతులా వినపడితే స్పీడే తప్పయి ఉంటుంది.

లేబుల్‌కీ చివరి పాటకీ మధ్య నున్నటి ఖాళీ ఉంటుంది చూడండి, అక్కడ చిన్నగా చెక్కిన అంకెలుంటాయి, మ్యాట్రిక్స్ నంబరు. లైటు పక్కవాటుగా పడేలా పట్టుకుంటే కనిపిస్తుంది. అన్నిటికీ రాయక్కర్లేదు, ఒకే ఎల్‌పీ రెండు కాపీలున్నప్పుడు రెండూ ఒకే ప్రెస్సింగా (అంటే ఒకే అచ్చుతో కొట్టినవా) కాదా తేలేది దీంతోనే.

సంవత్సరం దగ్గర చాలామంది సినిమా విడుదలైన ఏడాది రాసేస్తారు. అది సినిమా వయసు, మీ చేతిలో ఉన్న రికార్డు వయసు కాదు, హిట్ పాటల రికార్డులు ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ కొట్టేవాళ్లు. అట్ట మీద తేదీ లేకపోతే అడ్రస్ చదవండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే ఆ అట్ట 1972 ఆగస్టు 15 తర్వాతదే, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. మద్రాస్ బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాత, కల్‌కత్తా బదులు కోల్‌కతా అని ఉంటే 2001 తర్వాత. హెచ్‌ఎంవీ రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీ పేరు సరిగమ ఇండియాగా మారింది 2000లో, దాంతో సీడీల్లోనూ ముందూ వెనకా తేలిపోతుంది. ఇవన్నీ కచ్చితంగా ఫలానా ఏడాది అని చెప్పవు, ఇంతకు ముందుది కాదు అని మాత్రం చెప్తాయి, అందుకే షీట్‌లో "1972 తర్వాత" అని రాయండి, ఊహించి అంకె వెయ్యకండి.

అన్నిటికంటే ముఖ్యం, అట్ట మీద స్టిక్కర్ అంటించకండి. ఆ జిగురు కొన్నేళ్లకి పసుపు మచ్చ అయి కూర్చుంటుంది, పీకితే బొమ్మ కూడా ఊడి వస్తుంది. పైన వేసే ప్లాస్టిక్ కవర్ మీద అంటించండి, లేదా లోపలి కాగితం కవర్ మీద పెన్సిల్‌తో మెల్లగా రాయండి.

ప్రశ్న: డిస్కాగ్స్‌లో నా దగ్గరున్న పాత తెలుగు రికార్డులు సగం దొరకట్లేదు సర్. మనవాళ్లు ఎవరూ ఎక్కించలేదా? (గుంటూరు నుంచి ఒక స్టూడెంట్)

జవాబు: కొన్ని నిజంగానే లేవు. కొన్ని ఉండి కూడా మీకు కనపడట్లేదు, స్పెల్లింగ్ వల్ల. సుశీల గారి పేరే ఒక అట్ట మీద ఒకలా, ఇంకో అట్ట మీద ఇంకోలా ఇంగ్లీషులో ఉంటుంది, ఇక సినిమా పేర్లలో "అ"కి ఒక ఏ పెట్టారో రెండు పెట్టారో, "త"కి హెచ్ పెట్టారో లేదో ఎవడికి తెలుసు. అందుకే పేరుతో వెతకడం మానేసి కేటలాగ్ నంబరుతో వెతకండి, ఖాళీ వదిలి ఒకసారి, కలిపి ఒకసారి. అప్పటికీ రాకపోతే లేనట్టే, మీరే ఎక్కించొచ్చు, 2000లో ఆ సైట్ మొదలైన దగ్గర్నుంచీ నడుస్తోంది మామూలు జనం ఎక్కించిన డేటాతోనే. చేతిలో ఉన్న వస్తువు మీద ఏముందో అదే రాయాలి, మీకు గుర్తున్నది కాదు, ఈ రూల్ వాళ్లు గట్టిగా పట్టుకుంటారు. ఫొటోలు నాలుగు పెట్టండి, అట్ట ముందు, వెనక, రెండు లేబుళ్లు. ఒకే ఆల్బమ్‌కి వేర్వేరు ప్రెస్సింగులు వేర్వేరు ఎంట్రీలుగా ఉంటాయి, వాటన్నిటినీ కలిపే మాస్టర్ రిలీజ్ అని పైన ఒకటుంటుంది, మీ కలెక్షన్‌లో కలిపేది మీ చేతిలో ఉన్న ప్రెస్సింగ్ అయ్యుండాలి.

మీ సొంత షీట్‌లో మాత్రం పేర్లు తెలుగులో ఒక గడి, ఇంగ్లీషులో ఒక గడి పెట్టుకోండి. డిస్కాగ్స్‌లోంచి మీ లిస్టుని ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్‌గా దించుకునే వీలుంది, అప్పుడప్పుడు దించి దాచుకోండి. ఇన్నాళ్ల కష్టం ఒక్క సైట్ మీదే వదిలేసి కూర్చోవడం నాకిష్టం ఉండదు.

ప్రశ్న: మాది వరంగల్ అన్నా. మా అమ్మ దగ్గర ఒక డబ్బా నిండ కేసెట్లు ఉన్నయ్, కొన్నవి కావు, ఖాళీ కేసెట్ల మీద రికార్డు చేసినవి. రేడియోల వచ్చినవి, షాపుల ఎక్కించుకున్నవి, మా అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలు గూడ ఉన్నయట. అసలు కేసెట్లే కాదు కదా, ఇవి కూడా లిస్టుల రాయాల్నా, పడేద్దామా అంటున్నడు మా తమ్ముడు.

జవాబు: తమ్ముడిని ఆ డబ్బా దగ్గరికి రానివ్వకమ్మా! కంపెనీ కేసెట్ నీ దగ్గర పోయినా ఇంకెవరి దగ్గరో ఉంటుంది, అమ్మమ్మ గొంతు ఇంకో కాపీ ఎక్కడుంది చెప్పు. నీ దగ్గరున్న మొత్తంలో మొదటి నంబర్లు వీటికే వెయ్యి.

రికార్డింగ్ సెంటర్ల కాలం తెలియనివాళ్లకి చెప్తున్నా, అప్పట్లో కాగితం మీద పాటల లిస్టు రాసి షాపులో ఇస్తే ఖాళీ కేసెట్‌లోకి వరసగా ఎక్కించి ఇచ్చేవాళ్లు, 60 నిమిషాలదా 90 నిమిషాలదా మనిష్టం. ఆ లిస్టు చేత్తో రాసిన కార్డు కేసెట్ డబ్బాలోనే ఉంటుంది, దాన్ని ఫొటో తీసి అదే నంబరుతో సేవ్ చెయ్యి. పొద్దున్నే విజయవాడ స్టేషన్ భక్తిరంజని పెట్టి టూ-ఇన్-వన్‌లో రికార్డు నొక్కినవాళ్లు బోలెడు మంది, అలాంటి వాటిల్లో పాట మధ్యలో అనౌన్సర్ గొంతు, ప్రోగ్రాం పేరు వినపడితే అవీ రాసుకో, తేదీ పట్టుకోవడానికి అదే ఆధారం.

ప్లే చేసే ముందు రెండు పనులు. కేసెట్ పైఅంచున వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరిచెయ్, ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పడదు. తర్వాత కిటికీలోంచి టేపు చుట్ట చూడు, అంచుల మీద తెల్లగా పొడిలా కనపడితే బూజు, దాన్ని అలాగే ప్లేయర్‌లో పెడితే హెడ్‌కి (టేపుని చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే ప్రతి కేసెట్‌కీ పాకుతుంది, వాటిని పక్కన పెట్టి తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించు. లోపల టేపుని హెడ్‌కి నొక్కే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే సౌండ్ మసగ్గా వస్తుంది, స్క్రూలున్న ఇంకో కేసెట్ గుల్లలోకి ఆ టేపు మార్చుకోవచ్చు, టేపు మాత్రం బాగానే ఉంటుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 వద్దు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా ఎక్కించు, 60 నిమిషాల కేసెట్‌కి 1 జీబీ అవుతుంది, ఈరోజుల్లో అదెంత. వాట్సాప్‌లో చుట్టాలకి పంపడానికి దాన్నుంచి తర్వాత ఎంపీ3 చేస్కో. ఫైల్ పేరు కూడా కే-1-ఏ, కే-1-బీ అని షీట్ నంబరే పెట్టు, "అమ్మమ్మ పాటలు కొత్తది ఫైనల్" అని పెట్టొద్దు.

ప్రశ్న: విశాఖలో బీచ్‌కి దగ్గర మా ఇల్లు. రికార్డుల అట్టలకి బూజు పడుతోంది, మందపాటి ప్లాస్టిక్ కవర్లు వేశాను, అయినా తగ్గలేదు పైగా డిస్కుల మీద మసక వచ్చింది. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ మందపాటి కవర్లే మీ కొంప ముంచాయి. పీవీసీతో చేసినవి మెరుస్తూ గట్టిగా బానే ఉంటాయి కానీ ఏళ్లు గడిచేకొద్దీ వాటిలోంచి వచ్చే ఆవిరి వినైల్ (ఎల్‌పీలు చేసే ప్లాస్టిక్) మీద పొగమంచులా పట్టేస్తుంది, లోతుకి దిగితే మళ్లీ పోదు. తీసేసి పాలిథీన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ పల్చటివి వెయ్యండి, పైభాగం సీల్ చెయ్యకండి, గాలాడాలి. బీరువా గోడకి ఆనించకండి, బయటి గోడకైతే అసలొద్దు. రికార్డులు నిలబెట్టే ఉంచాలి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగువి వంగిపోతాయి. గదిలో తేమ 50 శాతం దాటకుండా ఉంటే మంచిది, వైజాగ్‌లో అది ఏసీ లేకుండా కష్టమే, కనీసం సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ పెట్టండి.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క లిక్విడ్ సోప్, మెత్తని గుడ్డతో గీతల వెంబడే తుడిచి మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో. లేబుల్ తడవనివ్వకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం కలుపుకోవచ్చని నెట్‌లో చూస్తారు, అది వినైల్‌కి, అదీ కొంచెం. మీ దగ్గర పాత 78లు (నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులు) ఉంటే వాటి దగ్గరికి ఆల్కహాల్ రానివ్వొద్దు, అవి లక్కతో చేసినవి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, పాట మొత్తం గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. 78లకి ముల్లు కూడా వేరు, ఎల్‌పీ ముల్లు కంటే దాదాపు మూడింతలు లావు, దాంతోనే వినాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. విజయవాడలో అత్తగారింట్లో ఉన్న ఎల్‌పీలు, మామయ్యగారి పాత టర్న్‌టేబుల్ ఇక్కడికి తెచ్చుకోవాలని ప్లాన్. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: ఎల్‌పీలు తెచ్చుకోండి, టర్న్‌టేబుల్ గురించి ముందు ఆలోచించండి. ఒక ఎల్‌పీ అట్టతో కలిపి పావు కిలో దాకా తూగుతుంది, 23 కిలోల బ్యాగ్‌లో పెట్టె బరువు పోగా 80 పడితే గొప్ప. మరీ మంచివి చేతిసామాన్లో పెట్టుకోండి. అన్నీ నిలువుగా, కదలకుండా బిగుతుగా, కానీ ఒత్తిడి పడకుండా. డాలస్ ఎండలో కారు డిక్కీలో వదిలేసి షాపింగ్‌కి వెళ్లారో, ఇంటికొచ్చేసరికి అప్పడాలే.

ఇక టర్న్‌టేబుల్. వోల్టేజ్ తేడా అందరికీ తెలుసు, ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60, పాత టర్న్‌టేబుళ్లలో చాలావాటి మోటారు ఆ హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చదు. అంటే స్పీడు 20 శాతం పెరిగి 33 తిరగాల్సింది 40 తిరుగుతుంది, ఘంటసాల గారు పరుగెత్తుతూ పాడినట్టు ఉంటుంది. కొన్ని మోడళ్లకి 60 హెర్ట్జ్ పుల్లీ వేరేగా దొరుకుతుంది, డీసీ మోటారుదైతే ఈ బాధ లేదు. మామయ్యగారి గుర్తుగా షోకేస్‌లో పెట్టుకోవడానికైతే సరే, వినడానికి అక్కడే ఒకటి కొనుక్కోండి. బయల్దేరే ముందు ప్రతి రికార్డుకీ అట్ట ఫొటో, కేటలాగ్ నంబరు రాసి పెట్టుకుంటే అక్కడ దిగాక ఏది వచ్చింది, ఏది అత్తగారింట్లోనే ఉండిపోయింది అనే తగాదా ఉండదు.

ప్రశ్న: ఘంటసాల గారి భగవద్గీత ఒరిజినల్ ఎల్‌పీ ఉంది, లక్షల్లో పోతుందని ఒకాయన అన్నాడు. ఎంతకి అమ్మొచ్చు? (తెనాలి)

జవాబు: అన్నాయన కొంటాడేమో అడగండి. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఆ తర్వాత ఆ గీత వినపడని తెలుగు ఊరు లేదు, అంటే రికార్డులూ అంతే విరివిగా అమ్ముడుపోయాయి, ఎక్కువ ఉన్నదానికి రేటు తక్కువే. రేటు తెచ్చేది పాత కావడం కాదు, దొరక్కపోవడం, కండిషన్, రెండూను. అమ్మేవాళ్లు అడిగే రేటు కాకుండా, నిజంగా అమ్ముడైన రేట్లు డిస్కాగ్స్‌లో కనిపిస్తాయి, మీ ప్రెస్సింగ్‌ది చూసుకోండి. కండిషన్ కూడా నిజాయితీగా వెయ్యండి, మన అమ్మకాల్లో ప్రతిదీ "మింట్" అంటారు, మింట్ అంటే అసలు ప్లే చెయ్యనిది. నన్నడిగితే అమ్మకండి, వినండి. వైకుంఠ రథాల్లో వేసీ వేసీ ఇంట్లో పెట్టనివ్వట్లేదని చాలామంది అంటున్నారు గానీ ఆ గొంతు అందుకు పాడింది కాదు.

ప్రశ్న: నా రికార్డులు డిజిటల్ చేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

జవాబు: రికార్డు మీదైనంత మాత్రాన పాట మీది కాదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు, అంటే 1960లో వచ్చినదానికి 2020 చివరిదాకా. అది అయిపోయినా పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కు వేరేగా ఉంటుంది, వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు. మీరు వినడానికి డిజిటల్ చేస్కోండి, కేటలాగ్ మాత్రం ఎంత కావాలంటే అంత పబ్లిక్‌గా పెట్టండి, లిస్టుకి ఎవరూ అడ్డు రారు.

ప్రశ్న: ఒకే ఆల్బమ్ మూడు కాపీలున్నాయి, ఇంట్లో గొడవగా ఉంది. ఏది ఉంచాలి? (ఆదివారం ఆబిడ్స్‌లో తిరిగే ఒక బాధితుడు)

జవాబు: ముందు మూడింటి మ్యాట్రిక్స్ నంబర్లు, లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే అవి డూప్లికేట్లు కావు, ఇంట్లో కూడా అదే చెప్పండి. ఒకటే ప్రెస్సింగ్ అయితే మంచి డిస్క్‌ని మంచి అట్టలో పెట్టి ఉంచుకోండి, అలా మార్చినట్టు షీట్‌లో రాయండి, మిగతా రెండూ ఎక్స్‌చేంజ్‌కి పెట్టండి. ఇకమీదట షాపుకెళ్లేటప్పుడు షీట్ ఫోన్‌లో ఉంచుకోండి, నాలుగోది కొనకముందే తెలుస్తుంది.